ఒత్తినంక చేతులు ఒళ్ళో

పెన్సిల్ రబ్బరు వాసన వస్తే నాకు ఇప్పటికీ మాణిక్ రెడ్డి సారే గుర్తొస్తారు. మొన్న మొయినాబాద్‌లో, నా జిరాక్స్ సెంటర్‌లో, ఖదీర్ భాయ్ నా ముసలి కంప్యూటర్ డబ్బా విప్పి కూర్చున్నాడు. లోపలి నుంచి మెమొరీ పట్టీ ఊడదీసి, దాని అంచున ఉన్న పసుపు గీతల్ని బడిపిల్లల రబ్బరుతో రుద్దుతున్నాడు. దుమ్ము వాసన, వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన, వాటి మధ్య ఆ రబ్బరు వాసన. బయట ఆన్‌లైన్ దరఖాస్తుల కోసం జనం నిలబడి విసుక్కుంటున్నారు. "చెల్లె, రుద్ది పెడితే ఇంకొన్ని దినాలు గుంజుతది. లేకుంటే ఇంకో పట్టీ ఎయ్యాలె. సాఫ్ట్‌వేర్లు పెరుగుతున్నయి, మిషన్ గంతే ఉన్నది. ఏం జేద్దాం?" అని అడిగాడు. ఇదే మనిషి ఇదే మాట ఒకప్పుడు చేవెళ్లలో మా సార్‌ని అడిగాడు. ఆ రోజు సార్ ఇచ్చిన జవాబుతో నా బతుకు అడ్డం తిరిగింది.

సార్ గురించి మీకు తెలియదు కాబట్టి మంచే ముందు చెప్పాలి. చెప్పకపోతే అన్యాయం. పొలాలూ పలుకుబడీ ఉన్న ఇంట్లో పుట్టారు. అన్నదమ్ములంతా సర్పంచులనీ ఎంపీటీసీలనీ జీపులేసుకుని తిరుగుతుంటే, ఈయన ఒక్కరే రాజకీయం నాకొద్దన్నారు. చేవెళ్లలో ఎరువుల దుకాణం మీద ఒక గది తీసుకుని, పట్నంలో ఏదో ఆఫీసువాళ్ళు తీసిపారేసిన ఐదు కంప్యూటర్లు తెచ్చి, పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. ఆడపిల్లల్ని పంపమని ఊరూరూ తిరిగి అడిగింది ఆయనే. మా ఎంకపల్లికీ వచ్చారు. బాపు చామంతి తోటలో ఉన్నాడు. సార్ చెప్పులు గట్టు మీద విడిచి మడిలోకి దిగారు.

"మల్లయ్యన్నా, కలుపు తీసెటందుకు ఎవలన్నా దొరుకుతరు. పదోది, ఇంటరు ఫస్ట్ క్లాసుల పాసైన పిల్లను గీ మడిల కూసోబెడుతవా? నాకు పంపు. యాడాది తిరిగేసరికి నౌకరికి పోతది, నాది జిమ్మెదారి."

బాపు తలకున్న తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. "యాడాదే సారూ. నౌకరొస్తే మంచిదే. రాకుంటే మల్ల అడగొద్దు, తోటకే వస్తది." ఆ మాట నా ఎదురుగానే అన్నాడు. అంటే నా దగ్గర ఒకే ఒక్క ఏడాది ఉంది. ఆ ఏడాది నాకు ఇప్పించింది సారే. అందుకే ఇంత కడుపుమంట ఉన్నా ఆయన్ని 'అన్నాడు' అని రాయడానికి ఈ రోజుకీ నా చెయ్యి రాదు.

ఆ గదిలో కింది నుంచి యూరియా వాసన, పైన రేకుల వేడి. మిషన్లు ఎంత ముసలివంటే, ఒక ఫైలు తెరవమని చెప్పి కిందికి పోయి చాయ్ తాగి రావచ్చు. తెర మీద ఇసుక గడియారం తిరుగుతూనే ఉండేది. తొందరపడి రెండోసారి ఒత్తామా, అయిపోయింది, బిగుసుకుపోయేది. మళ్ళీ ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, చేసిన పనంతా మళ్ళీ చెయ్యాలి. అందుకని సార్ మాకు పెట్టిన మొదటి నియమం టైపింగ్ గురించి కాదు. "ఒత్తినంక చేతులు ఒళ్ళో" అనేవారు. ఒక మీట ఒత్తాలి, చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకోవాలి, ఇసుక గడియారం పోయేదాకా కదలకూడదు. వరుసల మధ్య తిరుగుతూ మా చేతులు చూసేవారు. ఎవరి వేళ్ళైనా మీటల మీద కనబడితే స్కేలుతో బల్ల మీద కొట్టేవారు. "ఎద్దును ముల్లుగర్రతోని పొడిసినట్టు పొడవొద్దు బిడ్డ. ఓపిక పడితే మిషనే నీ మాట ఇంటది."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో! ఇంట్లో రొట్టెలు చేస్తూ పెనం మీద రొట్టె వేసి చేతులు ఒళ్ళో పెట్టుకునేదాన్ని. అవ్వ నవ్వేది. "గిదేం సదువే, రొట్టె మాడుతుంటే చేతులు ముడుసుకుంటవ్?" అనేది. గదిలో అందరికంటే ఓపిక నాకే ఎక్కువని సార్ నలుగురి ముందూ మెచ్చుకునేవారు. శనివారాలు ఆయన డబ్బాలు విప్పి రబ్బరుతో రుద్దుతుంటే పక్కన నిలబడి పట్టీలు అందించేది నేనే. ఆ పని నాకే ఇస్తారని గర్వం కూడా ఉండేది.

ఏడాది సగం దాటాక ఒక కబురు వచ్చింది. పట్నంలో పెద్ద పెద్ద కంపెనీలు లేస్తున్న రోజులవి. అందులో ఒకటి డేటా ఎంట్రీకి మా వైపు పిల్లల్ని తీసుకుంటుందట. పరీక్ష పెడతారట. పాసైతే పొద్దున మొయినాబాద్ దాకా కంపెనీ బండి వచ్చి ఎక్కించుకుని, సాయంత్రం మళ్ళీ దింపుతుందట. ఇంటి నుంచి పోయి ఇంటికి వచ్చే నౌకరి అంటే బాపు కాదనడు. అది నా కోసమే వచ్చిందనుకున్నాను. ఒకటే చిక్కు. పరీక్ష కొత్త సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. మా మిషన్లలో అది ఎక్కదు.

రిపేర్లకు వచ్చే ఖదీర్ భాయ్‌ని అందరం పట్టుకున్నాం. అతను సార్‌ని అడిగాడు. "సార్, జర సోంచాయించుండ్రి. మిషన్లు మార్చే ఫికర్ లేదు. ఒక్కోదాంట్ల ఒక్కో పట్టీ ఏస్తే సాలు, కొత్తది నడుస్తది."

సార్ కుర్చీలో వెనక్కి వాలారు. "ఇయ్యాల ఒక పట్టీ ఏస్తం. వచ్చే యాడాది ఇంకోటి తెస్తరు, ఇంకో పట్టీ ఎయ్యమంటరు. మేపినకొద్ది మేస్తనే ఉంటది. గిది ఎన్నడన్న ఒడుస్తదా ఖదీర్?"

ఆ మాటలో అబద్ధం లేదు. సొంత సెంటర్ పెట్టిన దగ్గర్నుంచీ నేనూ మేపుతూనే ఉన్నాను, అది ఇంకా ఒడవలేదు. కానీ సార్ అసలు కారణం అది కాదు. ఖదీర్ భాయ్ ఊరుకోకుండా, చూసినంక చెప్పండని తన దగ్గరున్న పట్టీ ఒకటి చివరి మిషన్‌లో వేసి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అబ్బ, అది ఎంత చురుగ్గా తెరుచుకుందో! మేమంతా కుర్చీ చుట్టూ మూగాం. సార్ వచ్చి కూర్చున్నారు. తెర మీద పాత మెనూ వరుసలు లేవు, వాటి చోట ఏవేవో బొమ్మలు ఉన్నాయి. ఒక ఉత్తరం టైపు చేశారు. ప్రింట్ ఇద్దామని చూశారు. అది ఎక్కడుందో దొరకలేదు. ఇటు వెతికారు, అటు వెతికారు. మెడ మీద చెమట కారుతోంది. మా వెనక వరుసలో కూర్చునే లావణ్య మెల్లగా, "సార్, ఆ మూల గుండ్రంగున్నది ఒత్తి సూద్దామా?" అంది.

సార్ ఒత్తలేదు. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత కుర్చీలోంచి లేచారు. "గీ బొమ్మలాటలు మనకొద్దు. తీసెయ్ ఖదీర్" అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

"సార్, పరీక్ష దాంట్లనే ఉంటదట" అన్నాను.

"అసలు పని వచ్చినోళ్లకు ఏదైనా ఒకటే బిడ్డ. నీకు ఓపికున్నది. పో, కూసో."

మిషన్‌కు మెమొరీ వేస్తే కొత్తది వస్తుంది. కొత్తది వస్తే ఆయన మళ్ళీ మొదటి బెంచీలో కూర్చుని నేర్చుకోవాలి, అదీ మా ముందు. ఆ భయంతో ఆయన ఐదు మిషన్లనీ, వాటి ముందున్న మమ్మల్నందర్నీ తనకు తెలిసిన చోటే ఆపేశారు. ఆ రోజు నాకు ఇదంతా అర్థం కాలేదు. సార్ చెప్పారు కాబట్టి సరే అనుకుని నా మిషన్ ముందుకు పోయి కూర్చున్నాను.

పరీక్ష గది చల్లగా ఉంది. కాగితంలో ఉన్న పేర్లూ వివరాలూ తెర మీద నింపాలి, ఎవరు ఎన్ని నింపితే అంత. కొత్త బొమ్మల గురించి భయపడ్డాను గానీ, వాటితో పనే పడలేదు. మొదటి పేరు టైపు చేసి మీట ఒత్తాను. చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. వెనక నుంచి ఒకామె వచ్చి, "ఏమైందండీ, ఎందుకు ఆపారు?" అంది. తలెత్తి చూస్తే తెర ఎప్పుడో సిద్ధంగా ఉంది. ఇసుక గడియారమే రాలేదు. రెండో పేరు. ఒత్తాను. మళ్ళీ ఒళ్ళో. వద్దు వద్దని నాకు నేనే చెప్పుకుంటున్నాను, అయినా చేతులు నా మాట వినడం లేదు. ఆమె ఇంకోసారి వచ్చింది, ఇంకోసారి అడిగింది. తర్వాత రావడం మానేసింది. పక్కవాళ్ళ మీటల చప్పుడు వానలా ఆగకుండా వినబడుతోంది. నాది ఒక్కటే ఆగి ఆగి వినబడుతోంది.

రాలేదు. ఆ నౌకరి పోయినా తట్టుకునేదాన్నేమో. కానీ నాలుగు రోజుల తర్వాత బాపు చేవెళ్లలో పూలు అమ్మి వచ్చి, సైకిల్ గోడకు ఆనించి, నా మొహం చూడకుండా అన్నాడు. "సారు కలిసిండు. నీ చేతులల్ల స్పీడు లేదట. ఆయన ముందుగాలనే అనుకున్నడట. ఇగ తోటకు రా బిడ్డ."

మర్నాడే చేవెళ్ల పోయాను. శనివారం. సార్ పట్టీలు ముందేసుకుని రబ్బరుతో రుద్దుతున్నారు. "బాపుతోని గట్లెందుకు జెప్పిన్రు సార్? నా చేతులను ఒళ్ళో పెట్టిచ్చింది మీరే గద?" అని అడిగాను. అంత మాట ఎలా అన్నానో నాకే తెలియదు.

ఆయన రుద్దడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. "సెంటర్ పేరు పోతది బిడ్డ. ఇంకా పిల్లలు రావాలె గద" అన్నారు.

ఇంతే. కోప్పడినా, కాదన్నా, అబద్ధం చెప్పినా నాకు ఇంత మంట ఉండేది కాదు. ఆయన నిజం చెప్పారు, అదీ పట్టీ అందించమన్నంత మామూలుగా. నేను మెట్లు దిగి వచ్చేశాను, మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఏళ్ళ తరబడి చామంతులు తెంపాను. పొద్దున్నే పూలమూట పట్టుకుని మొయినాబాద్‌లో నిలబడితే కంపెనీ బండి వచ్చేది. లావణ్య కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపేది. ఆ రోజు తర్వాత తను సార్ సెంటర్ మానేసి ఇంకెక్కడో కొత్తది నేర్చుకుంది. మంచిదే చేసింది. సార్ సెంటర్‌కు పిల్లలు తగ్గిపోయారు, మూతపడింది, ఐదు మిషన్లూ తూకానికి పోయాయి. పేరు కోసం నన్ను పణంగా పెట్టినా ఆ పేరు నిలవలేదు. పోయినేడు సార్ పోయారు. సంతాప సభ ఫ్లెక్సీకి మాటలు టైపు చేయించుకోవడానికి ఆయన అన్న కొడుకు నా సెంటర్‌కే వచ్చాడు. 'మాకు ఓపిక నేర్పిన గురువు' అని రాయమన్నాడు. నా చేతులతోనే రాశాను. అందులో తప్పేం లేదు, నిజంగానే నేర్పారు. ఇవాళ్టికీ ఎవరినైనా ఏదైనా అడిగితే, అడిగి ఊరుకుంటాను. రెండోసారి అడగడం నాకు చేతకాదు. ఈ గది కిరాయికి ఇమ్మని కూడా ఒక్కసారే అడిగి రెండేళ్ళు ఎదురుచూశాను.

"చెల్లె, ఏం జెయ్యమంటవ్?" అని ఖదీర్ భాయ్ మళ్ళీ అడిగాడు.

"కొత్తది ఎయ్యి భాయ్. ఎంత పడితే అంత ఎయ్యి."

వేశాడు. మూత బిగించి, నన్ను చూడమన్నాడు. బయట మొదట నిలబడ్డ ముసలాయన దరఖాస్తు తీసుకుని, పేరు కొట్టి, మీట ఒత్తాను.

"ఏం సూస్తున్నవ్ చెల్లె?" అన్నాడు ఖదీర్ భాయ్. "అది తెరుసుకొని ఎంతసేపైంది!"

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి.