మేస్త్రి ఎడమ బుగ్గ

సోఫాలు బాగుచేసే మేస్త్రికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. ఎవరైనా పాత సోఫా తెచ్చి దించితే, పలకరింపు కూడా లేకుండా అడుగు గుడ్డ చింపి లోపల ఏముందో చూసేవాడు. అల్లుడు నవ్వుతూ వచ్చాడంటే ఏదో అడగడానికేనని ఆయన గట్టి నమ్మకం.

అలాంటి మనిషికి ఎడమ బుగ్గ లోపల పుండు లేచి, నెలన్నర దాటినా మానలేదు. నొప్పి పెద్దగా లేదు, కారం తగిలితే మాత్రం ప్రాణం పోయినంత పనయ్యేది. ఆయన అనుమానం సూటిగా మేకుల మీదికి పోయింది. ఆ పనిలో చేతులు రెండూ ఖాళీ ఉండవు కనక, చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చుకుంటాడు. తుప్పు మేకులు అంటగట్టావని కొట్టువాడితో తగువు పెట్టుకుని కొట్టు మార్చాడు. పుండు మారలేదు. తర్వాత పళ్లపొడిని అనుమానించాడు. భార్య ఆసుపత్రికి పోదామంటే డాక్టర్లనే అనుమానించాడు. పుండులోంచి ముక్క తీసి పరీక్షిస్తే జబ్బు పాకుతుందని ఎవరో చెప్పారట.

ఆమె వారం రోజులు గుమ్మంలో కూర్చుని ఆయన పని చూసింది.

"మేకులు కుడి బుగ్గలో కదా పెట్టుకుంటారు, పుండు ఎడమవైపెందుకు లేచింది?" అని అడిగింది.

మేస్త్రి చేతిలో సుత్తి ఆగిపోయింది. ఎడమ బుగ్గ పొగాకుది. ఇరవై ఏళ్లుగా అక్కడే నొక్కుకుంటున్నాడు. లోకంలో అందర్నీ శంకించాడు గాని ఆ పొట్లాన్ని ఒక్కనాడూ శంకించలేదు. మొదటిసారి ఆయనకు నిజంగా భయమేసింది.

మర్నాడు డాక్టరమ్మ లైటు వేసి చూసి, మెడ తడిమి, మూడు వారాల్లో మానని పుండును ఎవరైనా ఇంట్లో పెట్టుకు కూర్చుంటారా అని కసిరింది. ముక్క తీస్తే పాకదని, తీయకపోతే అదేమిటో తెలియదని చెప్పింది. రెండుసార్లు అడిగించుకుని గాని ఆయన ముక్క తీయనివ్వలేదు. రిపోర్టు వచ్చేసరికి క్యాన్సరేనని తేలింది. మొదట్లోనే ఉంది గనక కోసి తీసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉందని, పొగాకు మానకపోతే మళ్లీ రావచ్చని ఆవిడ చెప్పింది.

ఇంటికి రాగానే పనిముట్ల పెట్టె అడుగున దాచిన రెండు పొట్లాలూ తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆమె ఏడుస్తూనే, ఇంకా ఉన్నాయా అని అడిగింది.

"ఇవే," అన్నాడు. అంటూనే తల దించుకున్నాడు. "నా మాట నమ్మొద్దు. రోజూ జేబులు వెతుకు."

ఆమె అక్కడికక్కడే ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. ఇంకో పొట్లం చేతికి తగిలింది.