ఆపా రాసిన నాలుగు నెలల చార్టు

గా రోజుల్ల బలం ఒక్కటుంటె చాలు, లోకమంత నాదే అనుకునేదాన్ని. ఆర్మూర్‌ల మందుల షాపుల నౌకరి, పొద్దుగాల ఆడోళ్ల జిమ్ముల కసరత్తు. హైదరాబాదుల ఫిట్‌నెస్ పోటీకి పోయి, బరువు లేపుడుల అందరికన్న ముందుండి, స్కిప్పింగుల మాత్రం కాళ్లకు తాడు చుట్టుకొని ఆఖరు నంబరు తెచ్చుకున్న (ఇంట్ల ఎవరన్న తాడు తెమ్మంటే ఇప్పటికీ నన్నే చూసి నవ్వుతరు).

మా కోచ్‌ను అందరం ఆపా, అంటే అక్కా, అనేటోళ్లం. నలభై దాటినా జిమ్ము మెట్లు ఉరికి ఎక్కేది. పోటీ నుంచి వాపసొచ్చినంక నన్ను కూసోబెట్టి, వచ్చే పోటీ దాక నాలుగు నెలల చార్టు రాసింది. “మొదటి రెండు వారాలు ఇనుము ముట్టద్దు బేటా, ఒళ్లు కోలుకోవాలె. తర్వాత నీకు రానిదే చేస్తం.”

“గట్లయితే బలం పోదా, ఆపా?”

“యాడికి పోతది? ఫికర్ చెయ్యకు.”

నాకు ఫికరే. నాలుగో రోజే కమ్మర్‌పల్లిల చిన్నమ్మోళ్ల కల్లం కాడికి పోయిన. పసుపు సంచులు ట్రాక్టరుకు ఎక్కిస్తున్నరు. “జరుగుండ్రి” అని ఒకటి భుజానికెత్తిన. రెండో సంచికి నడుము పట్టేసింది. గదే ట్రాక్టర్ల, సంచుల మీద పండవెట్టి దవాఖానకు తీస్కపోయిండ్రు (దారి పొడుగునా చిన్నమ్మ “మా బిడ్డ పైల్వాన్” అని ఎదురొచ్చినోళ్లకు చెప్తనే ఉన్నది).

ఆపా తిడుతదనుకున్న. పాత చార్టు చింపి, డాక్టర్‌ను అడిగి కొత్తది రాసింది: ముందు పండుకొని ఊపిరి తీసుడు, తర్వాత నడుచుడు, గా తర్వాతనే తాడు. “ఒక్కదానివే అంటే బోర్ కొడ్తది” అని నా పక్కన చాప ఏసుకొని తను గూడ పండుకున్నది. స్కిప్పింగ్ మొదలైనంక, నా కాలుకు తాడు తట్టుకున్నప్పుడల్ల ఆమెకు గూడ తట్టుకునేది (నిజంగ తట్టుకునేదో, నా కోసమో, ఎన్నడు చెప్పలే).

మళ్ల పోటీ వచ్చింది. గడియారం నడుస్తుండంగ ముందు స్కిప్పింగ్, ఎంబడే బరువు. తాడు ఒక్కసారి గూడ కాలుకు తగల్లే! గా ఖుషీల అంత అయిపోయిందనుకొని, తాడు ఇసిరేసి, ఉరికి పోయి ఆపాను వాటేసుకున్న. “అరే పాగల్, ఇంక బరువు లేపేదున్నది!” అని అరుస్తున్నది గని, ఆమె చేతులు నన్ను ఇడుస్తలేవు. వాపసు ఉరికి బరువు లేపిన గని, కొన్ని సెకన్ల తేడాతోని మూడోది పోయి నాలుగో నంబరు వచ్చింది.

ఇప్పుడు నేను గూడ పిల్లలకు చార్టులు రాస్తున్న, నిమిషం నిమిషం లెక్క చూస్తున్న. గడియారాన్ని మర్చిపోయి ఉరికిన గప్పటి నేను యాదికొస్తే నవ్వొస్తది, గా పిల్ల మీద జర కుళ్లు గూడ అయితది.