బర్రెలు వినకుండా చెప్పిన మాట

పాలకీడు దగ్గరి తండాలో కమ్లి కొట్టం నిండా బర్రెలే. అయిదింటిలో ఆమెది ఒక్కటే. మిగతా నాలుగూ ఊళ్లోవాళ్లు వాటాకు ఇచ్చినవి. ఈనేదాకా మేపి అప్పజెబితే, అమ్మిన ధరలో సగం కమ్లికి.

అయినా ఎవరడిగినా "నా బర్లు" అనే అంటుంది. కొట్టంలో నిలబడి పశువును పరాయిదని అనకూడదని ఆమె అత్త నేర్పింది. వింటే మేత ముట్టవట, చూలు నిలవదట. మొగుడు బతికున్నన్నాళ్లూ ఆయన మాట ఒక్కటీ వినని కమ్లి, అత్త చెప్పిన ఈ ఒక్కటి మాత్రం అరవై దాటినా తప్పలేదు.

మనవరాలు అనూష ఇంట్లోనే ఉండి, రోజూ బస్సులో మిర్యాలగూడకు పోయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. స్కాలర్‌షిప్‌కు ఆదాయం సర్టిఫికెట్ కావాలంటే మీసేవలో దరఖాస్తు పెట్టింది. విచారణకు రెవెన్యూ ఆఫీసు గిర్దావర్ లాస్య మేడం తండాకు వచ్చిన రోజు, అనూష తండ్రి సేవ్యా, తల్లి సాలి ఇద్దరూ వరి నాటుకు కూలికి పోయారు. ఇంట్లో కమ్లి ఒక్కతే.

"ఈ బర్లు ఎవరివమ్మా?"

"నావే బిడ్డా."

"అయిదూనా?"

"అయిదూ. అండ్ల రెండు సూడియి," అంది కమ్లి, చూలు సంగతి అడక్కుండానే.

మేడం రాసుకుంది, మజ్జిగ తాగి పోయింది. వారం తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. ఆదాయం సర్కారు గీసిన గీత దాటిపోయింది.

"దాదీ, ఏం చెప్పినవే ఆమెకు?" అనూష నాయనమ్మ ముందు కూలబడింది.

"ఉన్నది చెప్పిన."

"అవి మనయా?"

"ష్! మెల్లగ!"

"స్కాలర్‌షిప్ రాకుంటే ఫీజు మనమే కట్టాలె. నాయిన కాడ ఏమున్నయి? ఇగ నేను గూడ నాటుకే పోత."

కమ్లికి ఏమీ అంతు పట్టలేదు. ఇన్నేళ్లూ ఉన్నవాళ్లకే మర్యాద అనుకుంది. ఇప్పుడు ఉండటమే తప్పయింది.

"అంటే లేనోళ్లే సదువుకోవాల్నా?"

"ఉన్నోళ్లు కట్టుకుంటరు దాదీ. లేనోళ్లకు సర్కార్ ఇస్తది."

"మరి మనకు లేవు గదా!"

"నువ్వే ఉన్నయంటివి గదా!"

కమ్లి తల గోక్కుంది. పైగా అనూష ఇంకో చిక్కు చెప్పింది: హాస్టల్లో ఉండే పిల్లకు ఎక్కువిస్తారట, ఇంటి నుంచి పోయొచ్చే పిల్లకు తక్కువట.

"హాస్టల్ల బువ్వ ఎవరు పెడతరు?"

"హాస్టలోళ్లు."

"ఇంట్ల?"

"నువ్వు."

"నేను పెట్టేది బువ్వ కాదా మరి?"

అనూష లేచి, ఇంకోసారి విచారణ చెయ్యమని అర్జీ పెట్టడానికి మీసేవకు పోయింది.

మేడం రెండోసారి వచ్చింది. నేరుగా కొట్టంలోకే నడిచింది. "ఇప్పుడన్నా నిజం చెప్పమ్మా. ఇవి ఎవరివి?"

కమ్లి బర్రెల వైపు చూసింది. అవి నెమరు వేస్తూ కమ్లినే చూస్తున్నాయి. వెనక నుంచి అనూష ఆమె కొంగు లాగింది. మేడం గడియారం చూసుకుంది.

ఉన్నట్టుండి కమ్లి మేడం చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. గోడ దాటించింది, బోరింగు దాటించింది.

"ఎటమ్మా?" మేడం హడలిపోయింది.

"రా బిడ్డా, ఇంకా జర."

రోడ్డు మీదికి చేరాక ఒకసారి వెనక్కి చూసి, మేడం చెవి దగ్గర నోరు పెట్టింది. "రెండు లింగయ్యయి. ఒకటి రవీందర్ సార్‌ది. ఒకటి నవనీతమ్మది. నాది వంకర కొమ్ముది ఒక్కటే."

"గీ ముచ్చట ఆడనే చెప్పొచ్చు గదా!"

"వింటయి."

మేడానికి నవ్వు ఆగలేదు. కానీ లింగయ్యకు ఫోన్ చేసినప్పుడు, ఎందుకో ఆమె గొంతు కూడా తగ్గింది. అవును, రెండూ తనవేనన్నాడు లింగయ్య. మిగతా ఇద్దరినీ అడిగి రాసుకుని పోయింది.

స్కాలర్‌షిప్ గడువు రేపనగా కొత్త సర్టిఫికెట్ వచ్చింది. ఈసారి గీత లోపలే. అనూష చదివి వినిపించింది.

"అంటే ఇప్పుడు మనం లేనోళ్లమా?" అంది కమ్లి.

"కాయితం మీద అంతే దాదీ."

కమ్లి కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగున్నది గని, తండాల ఎవ్వరికీ సూపియ్యకు."

అనూష దాన్ని పుస్తకం మధ్యలో పెట్టుకుని బస్సుకు పరిగెత్తింది.