సాంబారు తొణకని ప్రయాణం

మొన్న ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే, పాత వ్యాను ఒకటి స్పీడ్ బంప్ దాటి, దాటిన తర్వాత కూడా పైకీ కిందికీ ఊగుతూ వీధి చివరిదాకా వెళ్లింది. నడిపే అబ్బాయి పాటలు వింటూ పట్టించుకోలేదు గానీ నాకు మాత్రం గుండె ఝల్లుమంది. షాక్ అబ్జార్బర్లు పోయాయని ఆ ఊగుడు చూసి చెప్పగలను, ఆపాటి విద్య నాకూ వచ్చు, కానీ ఝల్లుమన్నది అందుకు కాదు. వెనక సీట్లో మా అక్క కూర్చుని ఉందేమోనని మెడ సాచి మరీ చూశాను. అక్క పోయి ఎన్నేళ్లయిందో తెలిసినవాణ్నే, అయినా చూడకుండా ఉండలేకపోయాను.

నేను అమెరికా వచ్చిన కొత్తలో హెర్న్‌డన్‌లో అక్కా బావగార్ల ఇంటి బేస్‌మెంట్లో ఉండేవాణ్ని. వీసా ఉంది, ప్రాజెక్టు లేదు. మన తరంలో అలా ఏ అక్క ఇంటి బేస్‌మెంట్లోనో, ఏ స్నేహితుడి సోఫా మీదో కొన్నాళ్లు తేలనివాళ్లు అరుదు కాబట్టి ఆ వైభవం విడమరిచి చెప్పక్కర్లేదు. బావగారు సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం, ఇంట్లో కూడా అదే వ్యాపకం. కుక్కరు కూత పెట్టకపోయినా, హీటరు మొరాయించినా ఆయన పద్ధతి ఒకటే: ఒకసారికి ఒకటే మార్చాలి, మిగతావన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉంచాలి, అప్పుడుగానీ దోషం ఎక్కడుందో తేలదు. ఓసారి పప్పు రుచి తేడాగా ఉంటే, తప్పు ఉప్పుదా చింతపండుదా తేల్చడానికి మర్నాడు కూడా అదే పప్పు వండమన్నారని అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది.

వాళ్లకో వ్యాను ఉండేది, కొన్నప్పటికే పాతది. శనివారాలు అక్క గుడి క్యాంటీన్‌కి సాంబారు, పులిహోర వండి పంపేది. పంపడమేమిటి, తనే వెనక సీట్లో గిన్నెల పక్కన కూర్చుని, సాంబారు మూత మీద ఒక చెయ్యి వేసి దగ్గరుండి తీసుకెళ్లేది. ఆ వ్యాను గొప్పతనమల్లా డ్యాష్‌బోర్డు మీదున్న ఒక చిన్న స్విచ్చి. ఒకవైపు నొక్కితే షాక్ అబ్జార్బర్లు మెత్తబడతాయి, రెండోవైపు నొక్కితే బిగుసుకుంటాయి. ఒక్కోదాని నెత్తిన బుల్లి మోటారు ఉండి, లోపల నూనె పారే దారిని పెద్దదీ చిన్నదీ చేస్తుందని బావగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ వాళ్ల కాఫీ చల్లారేదాకా వివరించేవారు.

ఒక వేసవిలో సాంబారు తొణకడం మొదలైంది. మూత కింద గుడ్డ బిగించినా ఆగలేదు, వ్యాను కార్పెట్ అంతా ఇంగువ వాసన పట్టేసింది. అదే రోజుల్లో అక్కకి నడుం నొప్పి కూడా మొదలైంది. వ్యాను గతుకులో పడినప్పుడల్లా కింది పెదవి కొరుక్కునేది. ఇంట్లో ఉన్నప్పుడు అడిగితే నొప్పా పాడా అని కొట్టిపారేసేది. అంచేత ఇంటిల్లిపాదీ, అంటే మేం ముగ్గురం, దోషం వ్యానుదేనని తీర్మానించేసుకున్నాం. దాన్ని బాగు చేస్తే సాంబారూ నిలుస్తుంది, అక్క నడుమూ నిలుస్తుంది. ఆ నమ్మకం ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది.

బావగారు వ్యానుని ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలిపి, వెనక మూల మీద బరువంతా వేసి నొక్కి వదిలారు. ఒకసారి లేచి నిలబడాల్సింది కాస్తా ఊగుతూనే ఉంది. స్విచ్చి నొక్కితే మూడు చక్రాల దగ్గర టిక్కుమని చప్పుడు వినబడింది. వెనక కుడివైపు, సరిగ్గా అక్క కూర్చునే సీటు కింద, ఏ చప్పుడూ లేదు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి అక్కడి మోటారుకి కరెంటు అందించే కనెక్టరు చిలుము పట్టి పచ్చబడి ఉంది. దాన్ని గీకి శుభ్రం చేస్తే అదీ టిక్కుమంది. పనిలో పనిగా షాక్ అబ్జార్బర్లు కూడా మార్చేద్దామన్నాను. ఆయన ఒప్పుకుంటేనా! ముందు దీనితోనే ఒక శనివారం చూడాలన్నారు. చూశాం. సాంబారు తొణికింది, అక్క పెదవి కొరుక్కుంది. అప్పుడు కిందికి దూరి చూస్తే, వెనకవి రెండూ నూనె కారి, దుమ్ముతో జిడ్డు కట్టి ఉన్నాయి. పైనున్న మోటారు ఎంత తిరిగితే ఏం లాభం, లోపల నూనె మిగిలితేగా.

అలాంటివి తయారు చెయ్యడం ఎప్పుడో మానేశారట. గరాజులో మామూలువి బిగిస్తామన్నారు. మామూలువైతే స్విచ్చి పనిచెయ్యదు, అక్కకి ఆ మెత్తదనం ఉండదు కాబట్టి బావగారు ససేమిరా అన్నారు. అల్ఫారెట్టాలో ఉన్న ఆయన స్నేహితుడు ఎక్కడో పాత స్టాకులో కొత్త జత ఒకటి సంపాదించి పంపితే, వాటిని దేవుడి పటం ముందు పెట్టి కుంకుమ బొట్లు పెట్టిందాకా అక్క ఊరుకోలేదు. బిగించడానికి ఆదివారమంతా పట్టింది. తుప్పు పట్టిన బోల్టు మీద నేను నూనె కొడుతుంటే, బావగారు పొడుగాటి రెంచికి వేలాడారు. "బోల్టుకి కూడా టెస్టింగ్ చేస్తున్నారా ఏమిట్రా మీ బావగారు, ఇంకా ఊడి రాదేం?" అని అక్క గుమ్మంలో నిలబడి మజ్జిగ గ్లాసులతో ఎగతాళి చేసింది.

ఆ శనివారం బావగారు ఏదీ మార్చనివ్వలేదు. అదే గిన్నె, అంతే నిండుగా సాంబారు, అదే సీటు, అదే దారి. అక్క నడుం వెనక నేనొక దిండు పెడితే తీసేయించారు. "ఒకేసారి రెండు చేంజ్ చేస్తే ఏది వర్క్ అయిందో ఎలా తెలుస్తుందోయ్?" అన్నారు. గతుకుల చోటు వచ్చింది. వ్యాను ఒక్కసారి ఒంగి, లేచి, నిలబడింది. ఆ తర్వాత కొత్తగా వేసిన తారురోడ్డు. వెనక్కి తిరిగి చూస్తే గిన్నె అంచున ఒక్క చుక్క లేదు.

"వెనకాల ఎలా ఉందో మీ అక్కని అడుగు" అన్నారు బావగారు, సంతోషం ఆపుకోలేక. ఆయన ఇలాంటివి ఏనాడూ నేరుగా అడిగేవారు కాదు, ఆవిడా నేరుగా చెప్పేది కాదు, మధ్యలో రాయబారం నాది. "సూపర్‌గా ఉందిరా! ఉయ్యాల్లో కూర్చున్నట్టుందని చెప్పు మీ బావగారికి" అని అక్క నవ్వింది. నవ్వు పూర్తికాకుండానే కింది పెదవి పళ్ల మధ్యకి వెళ్లిపోయింది. మూత మీద ఉండాల్సిన చెయ్యి సీటు అంచుని పట్టుకుని ఉంది, వేళ్లు తెల్లబడేటంత గట్టిగా.

నేను ముందుకి తిరిగేసరికి బావగారు అద్దంలోంచి ఆవిడనే చూస్తున్నారు. రోడ్డు నున్నగా ఉంది, వ్యాను చప్పుడు లేకుండా పోతోంది, మార్చి చూడడానికి ఇంకేమీ మిగల్లేదు. ఒక మరమ్మతు ఫలించకుండా ఉంటే బాగుండునని జన్మలో నేను మొదటిసారి కోరుకున్నది అప్పుడే. గుడి వైపు తిరగాల్సిన సిగ్నల్ దగ్గర ఆయన ఆస్పత్రి వైపు తిప్పారు. "అదేంటండీ, క్యాంటీన్‌కి లేట్ అయిపోతుంది" అని అక్క ఆయనతోనే నేరుగా అంది. ఆయన స్విచ్చి మెత్తని వైపే ఉందో లేదో వేలితో తడిమి చూసుకున్నారు, అంతే.

వెన్నెముకలో స్కానుకి దొరికినదాని గురించి డాక్టరు చెబుతుంటే బావగారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మరుసటి వేసవికి అక్క లేదు. అన్నాళ్లూ ట్రీట్‌మెంట్‌కి తిప్పింది ఆ వ్యానే, ఎక్కడా కుదపకుండా తిప్పింది పాపం. తర్వాత బావగారు దాన్ని అమ్మలేదు, నడపనూ లేదు. ఆఫీసు నుంచి రాగానే డ్రైవ్‌వేలో దాని వెనక మూల నొక్కి వదిలేవారు. అది ఒకసారి లేచి నిలబడేది. మళ్లీ నొక్కేవారు. కిటికీలోంచి చూస్తూ, ఈసారైనా ఊగితే బాగుండునని నేనూ ఎదురుచూసేవాణ్ని, ఊగితే ఏమొస్తుందో నాకే తెలియదు.

ఇప్పుడు కార్లు వాటంతట అవే గతుకుని పసిగట్టి మెత్తబడుతున్నాయట. మనుషులూ మారారు. మా అమ్మాయీ అల్లుడూ ఎక్కడ నొప్పెట్టినా ఒకరికొకరు మొహం మీదే చెప్పేసుకుంటారు, వింటే ముచ్చటేస్తుంది, ఆ అలవాటు మా ఇంట్లో అప్పుడెందుకు లేకపోయిందా అనిపిస్తుంది. పాడు రోడ్డు మీద పక్కవాళ్లు అబ్బా అంటే నా ప్రాణం కుదుటపడుతుంది, తప్పు రోడ్డుదే కదా అని. బండి నున్నగా, నిశ్శబ్దంగా సాగిపోతున్నప్పుడే, వెనక సీటు వైపు తిరిగి చూడాలంటే నాకిప్పటికీ భయం.