మట్టికట్ట మీద పట్టని హబ్బులు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వానలు ముదిరిన డిసెంబరులో, నేను జురాంగ్ ఐలాండ్‌లోని ఒక రసాయన ప్లాంటులో వాహన విభాగం సూపరింటెండెంటుని. నా కింద ఉన్న బండ్లలో రెండు పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులు. ప్లాంటు గేటు దాటవు కాబట్టి వయసు మీరినా ఉంచారు. నిప్పంటుకుంటే నురుగుమందు డబ్బాలు మోసుకెళ్లడం వాటి పని. ఇంత చదునైన దీవిలో నాలుగు చక్రాల లాగుడు దేనికని చాలామంది అడుగుతారు. ట్యాంకుల చుట్టూ ఎత్తైన మట్టికట్టలుంటాయి. వానలో వాటి మీదికి మామూలు బండి ఎక్కదు.

ఆ ఏడాది మొదట్లో ఆ జీపులకు ట్రాన్స్‌ఫర్ కేసులు, హబ్బులు మార్చాల్సి వచ్చింది. ట్రాన్స్‌ఫర్ కేసంటే గేరుబాక్సును అంటుకుని ఉండే పెట్టె. ఇంజను బలాన్ని ముందు ఇరుసుకు కూడా పంచుతుంది. స్విచ్ నొక్కే రకం వద్దని, చేత్తో లివర్ లాగే రకం ఎంచుకున్నాను. పాత బండిలో వైరింగును నమ్మకూడదు. ఆ ఎంపిక సరైనదే.

హబ్బుల దగ్గరే వచ్చింది తంటా. హబ్బంటే ముందు చక్రం నడిమధ్య ఉండే తాళం. అది పడితేనే ఇరుసుతో పాటు చక్రం తిరుగుతుంది. చేతి హబ్బుకైతే డ్రైవరు దిగి రెండువైపులా తిప్పాలి. ఆటోమేటిక్ హబ్బు ఇరుసు తిరగగానే దానంతటదే పడుతుంది. బండి దిశ మారితే ఒకసారి వదిలి మళ్లీ పట్టుకుంటుంది. మా ఫోర్‌మన్ అప్పన్నగారు మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగాయన, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. "చేతి హబ్బే పెట్టండి సార్. పొద్దున డ్యూటీ ఎక్కగానే తాళం వేసి వదిలేస్తే సరి. కొంచెం డీజిల్ పోతాది, అంతే కదా" అన్నారు. ఎవడో ఒకవైపే తిప్పి మరిచిపోతే జవాబు మీరు చెప్తారా అని కసురుకున్నాను. నాకు ముక్కు మీదే కోపం. అంత పాత బండికి కొత్త ఆటోమేటిక్ హబ్బులు దొరక్కపోతే, బాగుచేసి అమ్మే పాతవి తెప్పించి మరీ బిగించాను.

డిసెంబరులో ఒక సోమవారం అగ్నిమాపక డ్రిల్లు. జీపు నడిపింది శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన సింహాచలం. మా దగ్గర ఏడేళ్లుగా ఉన్నాడు. వానలో కట్ట సగం ఎక్కిన జీపు కిందికి జారి నురుగు పైపును వంచేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లివర్ లాగకుండా ఎక్కించాడని సేఫ్టీ అధికారి తేల్చేశారు. శుక్రవారం విచారణ. తప్పు రుజువైతే అతని ఉద్యోగం పోతుంది, దాంతో బయటిదేశం పనివాళ్లకిచ్చే వర్క్ పర్మిట్ పోతుంది, ఊరికి పంపేస్తారు.

సింహాచలం నా గది గుమ్మంలో నిలబడి, "లాగీసాను సార్. ఈ సేత్తోనే లాగీసాను. ఎందుకు పట్లేదో నాకేటి తెల్సు?" అన్నాడు. సరే చూస్తాను, వెళ్లమన్నాను. మర్నాడు అదే కట్ట మీదికి జీపును నేనే నడిపాను. మేకపిల్లలా ఎక్కేసింది. యాంత్రిక లోపం లేదని రిపోర్టు టైపు చేయించాను. సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ సంతకం మాత్రం పడలేదు. సెంబవాంగ్‌లో మా ఫ్లాటుకు వచ్చాక కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే బయటికి పోవాలనిపించింది. ఏమిటండీ ఆ తిరుగుడు అని మా ఆవిడ విసుక్కుంది. హబ్బుల సంగతి ఎవరూ ఎత్తకముందే నేను భుజాలు తడుముకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

బుధవారం అప్పన్నగారికి రిపోర్టు చూపించాను. చదివి, "గోస్తాన్‌లో ఎక్కించి చూశారా సార్?" అన్నారు. వెనక్కి నడపడాన్ని ఇక్కడ అందరూ గోస్తాన్ అనే అంటారు. నేను ముందుకే ఎక్కించి చూశాను. అత్యవసర వాహనం ఎక్కడ ఆగినా ముక్కు బయటికి పోయే దారివైపే ఉండాలని మా ప్లాంటు నియమం. దాన్ని గీత దాటకుండా అమలు చేయించేది నేనే. అంటే సింహాచలం కట్ట దాకా ముందుకు వచ్చి, అక్కడ తిప్పి, వెనక్కి ఎక్కించాడు. ఏటవాలులో బరువంతా కిందివైపున్న ముందు చక్రాల మీదే పడుతుంది. సరిగ్గా అక్కడే హబ్బు వదిలి మళ్లీ పట్టుకోవాలి.

వాన పడుతుండగానే పరీక్ష పెట్టాం. అప్పన్నగారు ముందు ఇరుసు మీద, ముందు చక్రం మీద తెల్ల పెయింటు గీతలు గీశారు. నేను లివర్ లాగి, వెనక్కి ఎక్కించాను. కట్ట మధ్యలో వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి. "ఇరుసు తిరుగుతోంది సార్! చక్రం తిరగట్లే!" అని ఆయన కింద నుంచి అరిచారు. లివర్ పనిచేస్తోంది, హబ్బే పట్టుకోవడం లేదు. విప్పి చూస్తే లోపల గ్రీజు బంకలా గట్టిపడి ఉంది. ఆర్నెల్లకోసారి విప్పి శుభ్రం చేయాలన్న మాట నా షెడ్యూలులోనే లేదు.

టైపు చేయించిన కాగితాలు చింపేశాను. శుక్రవారం విచారణలో, ఎంపిక నాది, పరీక్ష తప్పుగా చేసిందీ నేనే, డ్రైవరు లివర్ లాగాడు అని చెప్పాను. సింహాచలం ఉద్యోగం నిలబడింది. నాకు లిఖితపూర్వకంగా హెచ్చరిక వచ్చింది, రావాల్సిందే. నెలలోగా రెండు జీపులకూ చేతి హబ్బులు పెట్టించాం.

బయటికి వచ్చాక సింహాచలం దండం పెడతాడనుకున్నాను. పెట్టలేదు. "మొదటి రోజే సెప్పినాను కదా సార్. అప్పుడెందుకు ఇనుకోలేదు?" అన్నాడు.

పాత ఫోర్ వీల్ బండికి ఏ హబ్బు మంచిదని ఇప్పటికీ ఫోన్లు వస్తుంటాయి. అది ఎవరు నడుపుతారు, ఎటువైపు ఎక్కిస్తారు అని తిరిగి అడుగుతాను. మిగిలిన రెండేళ్లూ ఏ ప్రమాదం జరిగినా, డ్రైవరు చెప్పిన మాటను, బండిని ముట్టుకోకముందే, రిపోర్టులో మొదటి వాక్యంగా రాశాను. నేను చింపేసిన ఆ రిపోర్టు మూడు పేజీలు. అందులో సింహాచలం పేరు ఐదు చోట్ల ఉంది. అతను చెప్పిన మాట ఒక్కచోట కూడా లేదు.