పొత్తిగుడ్డల మూట

మా ఇంట్లోంచి ఎప్పుడో పోయిన ఒక మూటని నేను ఇంకా మోస్తూనే ఉన్నాను. ఏళ్ళు గడిచాయి. మా ఆయనకి తెలియదు, పిల్లలకి తెలియదు. మా అక్కకి చెబితే సాయంత్రానికల్లా చుట్టాలందరికీ తెలిసిపోతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. వినండి చాలు. "పోనీలేమ్మా, ఎవరైనా అంతే" అని మాత్రం అనకండి. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది నాకు.

ముందు నా కోపం గురించి చెప్పనివ్వండి. తప్పు కంటే ముందు మా ఇంట్లోకి వచ్చింది అదే.

మా ఆయన వాళ్ళది బెంగళూరు పక్కన హొసకోటె. తరాల కిందటే అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. మామయ్య పోయాక ఆ పెద్ద ఇల్లు అద్దెకిచ్చేసి, అత్తయ్యని సామానుతో సహా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. అంత ఇంటి సామాను ఇంత ఫ్లాట్‌లో పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను పొద్దంతా ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసి, ఆ ట్రాఫిక్‌లో పడి ఇంటికొచ్చి తలుపు తీస్తే కాలికి అడ్డంగా ఏదో ఒకటి. మా వాడి బ్యాటు, అమ్మాయి చార్టు పేపర్లు, గుట్టగా చెప్పులు. మా ఆయన కొన్న కొత్తలో నాలుగు రోజులు తొక్కిన సైకిలు ఒకటి హాల్లో ఉంది. దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారు. ఆదివారం నడుం విరిగేలా సర్దుతానా, సోమవారం సాయంత్రానికి మళ్ళీ సంతే. అడిగితే ముగ్గురిదీ ఒకటే మాట, "తీస్తాంలే". ఎప్పుడు తీస్తారు? నేను చచ్చాకా? సంపాదించేది ఇద్దరం, తినేది అయిదుగురం, సర్దడం మాత్రం నా ఒక్కదాని నుదుటే రాశాడా ఆ బ్రహ్మ?

అప్పట్లో ఫోన్లో ఇల్లు సర్దే వీడియోలు తెగ చూసేదాన్ని. ఒకావిడ నవ్వుతూ చెబుతుంది: వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదు, ఖాళీ ఉంటేనే మనసు ప్రశాంతం. నాకు అది వేదవాక్కు అయిపోయింది. కొంగు బిగించాను.

సైకిలు అమ్మేస్తానన్నాను. మా ఆయన కస్సుమని లేచాడు, రేపట్నుంచి తొక్కుతానన్నాడు. విరిగిన బ్యాటు తీస్తే మా వాడు ఇల్లు పీకి పందిరేశాడు. అమ్మాయి తన అలమరకి తాళమే వేసుకుంది. సరే, మరి ఇంట్లో ఇంకెవరి సామాను మిగిలింది? ఎవరు అరవరు? ఎవరు అలగరు? మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! నోరున్నవాళ్ళ చెత్తంతా ఎక్కడిదక్కడే ఉంది. నేను అత్తయ్య అటక మీద చెయ్యి వేశాను. ఏ వీడియోలోనూ ఇది చెప్పరు కానీ, నలుగురున్న ఇంట్లో సర్దుడు ఎప్పుడూ ఎదురు చెప్పలేని మనిషి దగ్గరే మొదలవుతుంది.

అటక మీద ఒక మూట దొరికింది. పాత దుప్పటిలో కట్టిన నూలు చీరలు. వెలిసి, చిరిగి, ముట్టుకుంటే వెన్నలా ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్ కింద, కార్లు పెట్టేచోట, పాత బట్టలు వెయ్యడానికి ఒక పెద్ద డబ్బా పెట్టారు. ఎవరో వచ్చి పట్టుకుపోతారు. అత్తయ్య గుడికి వెళ్ళిన సమయం చూసి ఆ మూట తీసుకెళ్ళి అందులో పడేశాను.

అవి చింకిగుడ్డలనుకున్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే.

అబద్ధం. అవేంటో నాకు తెలుసు. అవి అత్తయ్య వాళ్ళమ్మ కట్టిన చీరలు. మా వాళ్ళలో పుట్టిన బిడ్డకి కొత్తబట్ట వెయ్యరు. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడ్డ చీర చింపి, అందులోనే చుడతారు. పొత్తిగుడ్డలంటారు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనీ ముందు ఆ చీరల్లోనే చుట్టారు. మా ఆయన్ని చుట్టారు, మా ఆడబిడ్డని చుట్టారు. నా ఇద్దరు పిల్లల్నీ చుట్టారు. ఆస్పత్రిలో అత్తయ్య ఉతికి ఆరేసి తెచ్చిన గుడ్డలో పిల్లని పెట్టి నా చేతికిస్తే, అబ్బ ఎంత మెత్తగా ఉందో అన్నది నేనే. మరి గుర్తుపట్టకపోవడం ఏమిటి? పట్టాను. పట్టే పడేశాను. ఆ క్షణాన నాకు అత్తయ్య మీద కోపం లేదు. మిగతా ముగ్గురి మీదా ఉన్న కోపం అంతా తీసుకెళ్ళి ఆ మూట మీద చూపించాను. ఇది తెలుసుకోడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది, సిగ్గులేదూ?

ఇంతే అయితే ఇంత బాధ ఉండేది కాదు. గుడ్డలు గుడ్డలే. పోయాయి, కాళ్ళు పట్టుకుంటే సరిపోయేది. అసలుది ఇకముందుంది.

కొన్నాళ్ళకి మా ఆడబిడ్డ కూతురికి నెలలు నిండుతున్నాయి. అత్తయ్య స్టూలు వేసుకుని అటక వెతికింది. మంచం కింద వెతికింది. చివరికి వంటింట్లోకి వచ్చి నన్నే అడిగింది.

"యాడ పెట్టినా మ్మా ఆ మూట? అటక మిందనే గదా ఉండె?"

నేను దోసె తిప్పుతున్నాను. తల కూడా ఎత్తలేదు. "అదేంటత్తయ్యా, మీరే కదా ఇచ్చేశారు! గేటు దగ్గర ఎవరో ఆమె పాతబట్టలు అడిగిందని మీరే తీసుకెళ్ళి ఇచ్చొచ్చారు. మర్చిపోయారా?"

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట! ముందు అనుకున్నది కాదు. అంత తేలిగ్గా, అంత నిజంలా నా నోట్లోంచి జారింది. అత్తయ్య చేతికంటిన దుమ్ము కొంగుకి తుడుచుకుంది. "నేనే ఇచ్చినానా?" అంది. మళ్ళీ తనే, "అయ్యుంటాది లేమ్మా" అని వెళ్ళిపోయింది.

నాకేమనిపించిందో దాచను. హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్య చాలలేదు నాకు. ఆ అబద్ధం గట్టిపడాలి కదా! మా ఆయన ఇంటికి రాగానే, గొంతు తగ్గించి, బోలెడంత జాలి నటించి, "అత్తయ్యకి మతిమరుపు మొదలైనట్టుందండీ" అన్నాను. ఆయన వాళ్ళక్కకి ఫోన్ చేశాడు. ఆవిడ ఇంకొకరికి చేసింది. వారం తిరిగేసరికి బంగారంలాంటి మనిషికి ఒక జబ్బు అంటగట్టాం అందరం కలిసి. కలిసి ఏమిటి నా మొహం, అంటగట్టింది నేను. తిలాపాపం తలా పిడికెడు అని పంచేద్దామని చాలాసార్లు చూశాను. నా పిడికిట్లోంచి ఒక్క గింజ కూడా పక్కకి పోలేదు.

అక్కడితో ఆగానా? ఊరగాయ జాడీలు పోయాయి, "మీరే పనమ్మాయికి ఇమ్మన్నారు కదత్తయ్యా". మామయ్య రేడియో పోయింది, "మీరే వద్దన్నారు కదా". ప్రతిసారీ ఆమె కాసేపు ఆలోచించేది, ప్రతిసారీ ఒప్పుకునేది. నా ఇల్లు అద్దంలా తయారైంది. వచ్చినవాళ్ళంతా, ఇద్దరు పిల్లలున్న ఇల్లంటే నమ్మలేం అనేవాళ్ళు. పొంగిపోయేదాన్ని. ఛీ!

అత్తయ్య వంట మానేసింది. ఎవరూ మానమనలేదు. ఒకరోజు పులుసు పొయ్యి మీద పెట్టి, "ఉప్పు యేసినానా మ్మా?" అని నన్నడిగింది. తర్వాత రోజూ అడగడం. ఆ తర్వాత గరిటె నా చేతిలో పెట్టేసింది. బీరువా తాళాలు తెచ్చి ఇచ్చేసింది, ఎక్కడన్నా పారేస్తానేమోనని. కింద పార్కులో తనతో కూర్చునే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళడం తగ్గించింది, చెప్పిందే చెబుతానేమో, నవ్వుతారేమో అని. హొసకోటెలో ఊరందరి పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ నోటికి చెప్పిన మనిషి ఆమె!

మా ఆయన డాక్టరుకి చూపించాడు. నేనూ వెళ్ళాను. డాక్టరు ఏవేవో ప్రశ్నలు అడిగాడు, బొమ్మలు గీయించాడు. ఈమెకేం లేదండీ, వయసుకి తగ్గట్టే ఉంది, కాస్త భయపడుతున్నారు అంతే, ఎందుకు భయపడుతున్నారో కనుక్కోండి అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నోరు విప్పడానికి అంతకంటే మంచి చోటేముంది? బయటికొచ్చాక మా ఆయన, "మొదట్లో ఈ డాక్టర్లకి తెలియదులే" అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడం చూడండి, దానికి ఏ శిక్ష వెయ్యాలి?

ఈమధ్య ఒక పొద్దున కారు తాళం కనపడలేదు. మా ఆయన ఇల్లంతా చిందులు తొక్కుతున్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి మెల్లగా, "ఫ్రిజ్జు మింద పెట్టినావు గదప్పా రాత్రి" అంది. "నువ్వూరుకోమ్మా, నీకు తిన్నదే గుర్తుండదు" అన్నాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. తాళం ఫ్రిజ్ మీదే ఉంది, బ్రెడ్డు ప్యాకెట్టు వెనక. తీసుకుని వెళ్ళిపోయాడు మహానుభావుడు. ఒక్క మాట లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సాయంత్రం రాగానే కడిగిపారేశాను. కన్నతల్లిని అలా అంటావా, పిల్లలకి ఏం నేర్పుతున్నావు అని. ఆయన వింతగా చూశాడు. "నేను కొత్తగా అన్నదేముంది? ఆ మాట ముందు చెప్పింది నువ్వే కదా" అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టాను. అత్తయ్యా నేనూ హాల్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాం. ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడు చెప్పాను. ఎలా చెప్పానో సరిగా గుర్తులేదు కానీ అంతా చెప్పాను. మూట నేనే పడేశానని, మీరు ఎవరికీ ఇవ్వలేదని, మీకే మతిమరుపూ లేదని, అదంతా నా అబద్ధమని. ఏడ్చాను కూడా. తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఎంత కోరుకున్నానో!

అత్తయ్య చేతిలో కాయ పక్కన పెట్టింది.

"లేదు లేమ్మా. నేనే ఇచ్చినా. నాకు బాగా గ్యాపకం ఉండాది. చంకలో బిడ్డ ఉండె ఆ యమ్మకి. ముక్కు కారతా ఉండె పాపం, ఒంటిమింద సరైన గుడ్డ గూడా లేదు. మా యమ్మ చీరలు మెత్తగా ఉంటాయి గదాని నేనే కప్పినా."

బిడ్డ! బిడ్డ సంగతి నేను ఏనాడూ చెప్పలేదు.

"అత్తయ్యా, ఎవరూ రాలేదు. నేను కల్పించాను" అన్నాను.

ఆమె నా వైపు జాలిగా చూసింది. నా తల నిమిరింది. "నువ్వు మరిచిపోయినావు లేమ్మా. ఆఫీసూ ఇల్లూ అని యెన్ని పెట్టుకుంటావు ఆ తలకాయలో? ఆ బిడ్డ ఈపాటికి ఇస్కూలుకి పోతా ఉంటాది" అని మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

ఇన్నేళ్ళలో ఆమె ఒక్క మాట గట్టిగా అనగా నేను వినలేదు. నేనేనా, అయ్యుంటాది లే, నువ్వే చూడు మ్మా, ఇవే మాటలు. ఇప్పుడు మొదటిసారి నాకు బాగా గ్యాపకం ఉండాది అంది. ఏం గుర్తుంది? నా అబద్ధం గుర్తుంది. ఇక నేనేం చెయ్యను? కాదు అత్తయ్యా, మీకు గుర్తున్నది తప్పు అని మళ్ళీ చెప్పాలా? ఆ మాటతోనే కదా ఆమెని ఇలా చేశాను! ఊరుకున్నాను. జాలిపడి ఊరుకున్నానా, తప్పించుకునే దారి దొరికిందని ఊరుకున్నానా? నా మీద నాకు నమ్మకం లేదు, మీకు మాత్రం ఏం చెప్పను?

మా ఆయనకి చెప్పాలి. చెబుతానని ఇక్కడ రాయను. రాస్తే మీ దగ్గర మంచిదాన్ననిపించుకోడానికే రాసినట్టవుతుంది. చెప్పవలసిన మనిషికి చెప్పాను, ఆమె తీసుకోలేదు. అందుకని మీకు చెబుతున్నాను. మీరైనా తీసుకోండి, ఎవరో ఒకరి దగ్గర ఇది ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

గేటు దగ్గరికి ఏ ఆడమనిషీ రాలేదు. బిడ్డ లేదు. మూట పడేసింది నేను. మా అత్తయ్యకి అన్నీ గుర్తుండేవి.