కిటికీ వైపు చెంప

స్టూడియోలో ఫొటోలు దిద్దే ఆవిడ చెయ్యి మౌస్ మీద నెమ్మదిగా కదులుతోంది, బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు. మొటిమ, గాటు, మచ్చ, ఏది కనిపించినా తీసేస్తుంది, ఎవరూ అడగక్కర్లేదు. ఆ పూట తెర మీదున్నది చనిపోయిన లారీ డ్రైవరు ముఖం. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప మీద మాత్రం గోధుమరంగు మచ్చలు చల్లినట్టున్నాయి. అన్నీ తుడిచి అతని భార్యకు చూపించింది. ఆమె చాలాసేపు చూసి, "బాగుందమ్మా. కానీ ఈయన మా ఆయన కాదు" అంది.

"మచ్చలు తీశానక్కా. అందరూ తీయమనే అంటారు."

"ఆయనా అదే అనేవారు. ఫొటో అంటే చాలు, ఆ చెంపకి పౌడరు కొట్టేవారు. చిరుతపులికి పౌడరెందుకని ఏడిపించేదాన్ని." నవ్వబోయి ఆగింది. "లారీ ఎక్కిన నాటి నుంచీ కిటికీలో ఎండంతా ఆ చెంప మీదే కాసింది. పడుకుంటే నా వైపు ఉండేదీ అదే."

ఫొటోలు దిద్దే ఆవిడ తుడిచినవన్నీ వెనక్కి తెచ్చింది. పౌడరు కింద దాగినవి మాత్రం రాలేదు. "అవెక్కడో చెప్పగలరా అక్కా?" భార్య కళ్లు మూసుకుని తన చెంప మీదే వేలు పెట్టింది. "ఇక్కడ కందిగింజంత. దాని కింద ఇంకా చిన్నది." ఫొటోలు దిద్దే ఆవిడ చెయ్యి మచ్చలు పెట్టడం అదే మొదటిసారి. ఒక్కొక్కటే పెట్టి, ప్రింటు తీసి, పటం కట్టి ఇచ్చింది. భార్య అద్దం మీద ఆ చెంపకి అరచెయ్యి ఆనించి, అలాగే పట్టుకుని వెళ్లింది.